యాప్ పెట్టేముందు మూడు మాటలు



పోయిన ఆదివారం మా వెంకటమ్మనహళ్లి సంఘం కూర్చున్నప్పుడు పట్నం నుంచి వచ్చిన ఒక పిల్లవాడు ఒక యాప్ చూపించినాడు. చాకీ పురుగులకు ఆర్డరు అందులోనే పెట్టొచ్చు, గూళ్ళు మార్కెట్టుకు పోయే టెంపో లెక్క అందులోనే, ఎవరికి ఎంత ధర పలికిందో అందులోనే, సంఘానికి కట్టాల్సిన బాకీ కూడా అందులోనే. చూసినవాళ్ళందరూ బాగుందన్నారు. మేము కూడా బాగుందనే అన్నాం. వచ్చే నెల సమావేశంలో ఒప్పుకుంటే నోటుపుస్తకాలు మూసేసి అంతా ఫోనులోకి పోతాం.

ఇంటికి వచ్చినాక మాత్రం మనసు ఊరుకోలేదు. యాప్ వద్దని మేము చెప్పడం లేదు. ఒకటే చెబుతున్నాం. యంత్రం వచ్చినంత మాత్రాన పద్ధతి మారదు. అంకె ఎవరు రాస్తారు, దాన్ని ఎవరు చూస్తారు, తప్పు జరిగితే ఎవరు జవాబు చెబుతారు అనే మూడూ మారితేనే పద్ధతి మారినట్టు. మార్కెట్టులో, పహాణి విషయంలో, మా ఇంట్లో మేము చూసినవి రాస్తున్నాం. చదివి మీరే చెప్పండి.

మొదట మార్కెట్టు సంగతి.

మేము మల్బరి పెట్టి పద్దెనిమిది ఏండ్లయింది. మొదట్లో రాత్రి బస్సు టాపుమీద గూళ్ళ మూటలు వేసుకుని పోయేవాళ్ళం. తెల్లారేసరికి హరాజు కట్ట దగ్గర గూళ్ళు పోసుకుని నిలబడాల. ఒకాయన ధర అరుస్తా వచ్చేవాడు. రీలర్లు ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్ళు. మన లాటు దగ్గరకు వచ్చేసరికి పాట నిమిషంలో ముగిసిపోయేది. పక్కవానికి ఎంత పలికిందో మనకు చెవిన పడితే పడినట్టు, లేకుంటే లేదు. ఆ తర్వాత తూకం. చూసేదానికని పిడికెడు, పక్కకు రాలిందని పిడికెడు, ఇట్లా పోయేవి గూళ్ళు. డబ్బు సగం ఇప్పుడు, సగం వచ్చే వారం. ఆ సగం కోసం మళ్ళీ బస్సు ఛార్జీ పెట్టుకుని పోవాల.

ఇప్పుడు మన రాష్ట్రంలోని పెద్ద మార్కెట్లలో ఈ-హరాజు వచ్చింది. రామనగర మార్కెట్టు ఆసియాలోనే పెద్దదని పేరు. అక్కడ కూడా ఇదే పద్ధతి. గేటులో మన పేరుకు ఒక లాటు నంబరు ఇస్తారు. రీలర్లు తిరిగి గూళ్ళు చూసుకుంటారు, ఎవరి ఫోనులో వాళ్ళు ధర వేస్తారు. ధర తెరమీద కనిపిస్తుంది. కాటా కరెంటుది, బరువు చీటీలో పడుతుంది. డబ్బు బ్యాంకు ఖాతాకు వస్తుంది.

దీంట్లో రైతుకు మేలు ఎక్కడ జరిగింది? అందరూ "తొందరగా అయిపోతాది" అంటారు. తొందర పెద్ద విషయం కాదు. అప్పట్లో కూడా మధ్యాహ్నానికి అయిపోయేది. అసలు మేలు ఏమంటే, ధర అనే అంకె ఒకాయన గొంతులోంచి, ఒకాయన పుస్తకంలోంచి బయటికి వచ్చి అందరి కళ్ళముందు నిలబడింది. పక్కనున్న రీలరు ఎంత వేస్తాడో తెలీనప్పుడు ముఖాలు చూసుకుని కుదుర్చుకోవడం కష్టం. తూకం చీటీ మన చేతిలో ఉన్నప్పుడు పిడికెడు గూళ్ళు తీయడం కష్టం. అరిచే ఆయన పని కూడా మారింది. ఆయన ఇప్పుడు ధర చెప్పడు, లాట్లు సరిగా ఎక్కినాయా లేదా అని చూస్తాడు. మార్కెట్టు గోడలు అవే, మనుషులు వాళ్ళే. ఎవరి చేతిలో ఏముందో అది మారింది.

అందరికీ మేలే జరిగిందా అంటే లేదు. మేము పోయే మార్కెట్టులో ఒక చిన్న రీలరు ఉన్నాడు, రెండు బేసిన్ల మనిషి. ఇదివరకు గూళ్ళు తీసుకుపోయి, నూలు తీసి అమ్మి, ఆ డబ్బు తెచ్చి రైతుకు కట్టేవాడు. ఇప్పుడు ఖాతాలో డబ్బు ఉంటేనే పాట. "మీకు బాకీ పోయింది, నాకు బతుకు పోయేలా ఉంది" అన్నాడొకసారి. చిన్న రీలర్లు తగ్గిపోతే పాటలో పోటీ తగ్గుతుంది, పోటీ తగ్గితే తెర ఎంత పెద్దదైనా దానిమీద పడే ధర చిన్నదే. పద్ధతి మార్చేవాళ్ళు ఈ లెక్క కూడా వేసుకోవాల.

రెండోది పహాణి సంగతి. ఇది మనలో నలభై దాటినవాళ్ళందరికీ తెలుసు.

మన వైపు శానుభోగుల వంశపారంపర్య పదవి 1961 చట్టంతో పోయింది. సరిహద్దు దాటితే మడకశిర, హిందూపురం వైపు కరణాల పదవిని 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం తీసేసింది. పదవి పోయింది, మనిషి మారినాడు. పుస్తకం మాత్రం రెండువైపులా ఒకరి సంచిలోనే ఉండిపోయింది. పహాణి కావాలంటే ఆ సంచి ఏ ఊర్లో ఉందో వెతుక్కుంటా పోవాల. బ్యాంకు అప్పుకు, పంట నష్టానికి, కోర్టుకు, అన్నిటికీ పహాణే. రాసేవాడు అలిగితే మన భూమి మనది కాకుండా పోయేది.

2000 ప్రాంతంలో కర్ణాటకలో "భూమి" వచ్చింది. సుమారు 67 లక్షల మంది రైతులవి 2 కోట్ల దాకా రికార్డులు కంప్యూటరులోకి ఎక్కించినారు. తాలూకా ఆఫీసులో కౌంటరు పెట్టినారు, 15 రూపాయలు కడితే పహాణి చేతికి వచ్చేది. మా నాయన ఆ మొదటి కంప్యూటరు పహాణి మడిచి ట్రంకు పెట్టెలో దాచుకున్నాడు, ఇంకా ఉంది.

ఇక్కడ మనం గమనించాల్సింది కంప్యూటరును కాదు. దానితోపాటు ఇంకో రెండు పనులు చేసినారు. ఒకటి, కంప్యూటరు పహాణి మొదలైన తాలూకాలలో చేతిరాత పహాణి చెల్లదని ప్రకటించినారు. రెండు, ఖాతా మార్పుకు అర్జీ పెడితే వరసలో ముందు వచ్చినదానికే ముందు పని జరగాలని పెట్టినారు. వెనక అర్జీని ముందుకు లాగడం కుదరదు. ఆఫీసరు వేలిముద్ర పెట్టి లోపలికి పోవాల, కాబట్టి ఎవరు చేసినారో దాంట్లో ఉంటాది. ఈ రెండూ లేకుండా ఉత్త కంప్యూటరు పెట్టి ఉంటే ఏమయ్యేది? సంచిలో పుస్తకం అట్లే ఉండేది, దాన్ని చూసి ఒకాయన కంప్యూటరులో కొట్టేవాడు, మనం ఇద్దరి దగ్గర నిలబడేవాళ్ళం.

మార్కెట్టులోనూ పహాణిలోనూ ఒకటే పాఠం. రాసే చేయి, చూసే కన్ను మారినాయి, అందుకే పద్ధతి మారింది.

మూడో మాట మిగిలింది, తప్పు జరిగితే జవాబు చెప్పేది ఎవరు అని. దీంట్లోనే మేము దెబ్బ తిన్నాం.

రెండేండ్ల కిందట ఒక పంట గూళ్ళు అమ్మినాం. ఆ పంట బాగా వచ్చింది, నూరు గుడ్లకు డెబ్బై కిలోల పైన. చీటీ వచ్చింది, మెసేజి వచ్చింది, డబ్బు రాలేదు. నాలుగు రోజులు చూసి ఫోను చేస్తే "మా వైపు నుంచి పంపేసినాం" అన్నారు. బ్యాంకుకు పోతే "మాకు రాలేదు" అన్నారు. మా బ్యాంకు ఇంకో బ్యాంకులో కలిసిపోయి కోడు మారింది. మా పేరున్న రిజిస్టరులో మాత్రం పాత కోడే ఉంది. డబ్బు పోయి, తిరిగి వచ్చి, మధ్యలో ఎక్కడో కూర్చుంది. ఎవరిని అడిగినా ఒకటే మాట, "సిస్టంలో అట్లా చూపిస్తా ఉంది". ఇరవై మూడు రోజులు పట్టింది. ఈలోపు కొత్త చాకీ వచ్చింది, కూలీలకు ఇవ్వాల, మల్బరికి నీళ్ళ పైపు పగిలింది. వడ్డీకి తెచ్చినాం.

పాత రోజుల్లో డబ్బు ఎగ్గొట్టే రీలరును ఏం చేసేవాళ్ళం? ఇంటిముందు పోయి కూర్చునేవాళ్ళం. మంచి పద్ధతి కాదు, నిజమే. అయినా ముందు కూర్చోవడానికి ఒక గడప ఉండేది. సిస్టంకు గడప లేదు. పాత జవాబుదారీ పోయినచోట కొత్త జవాబుదారీ ఎవరిదో రాసిపెట్టలేదు. కోడు మారితే చూసుకోవాల్సింది మాదేనా, బ్యాంకుదా, మార్కెట్టుదా? ఈరోజుకూ మాకు తెలీదు. మాది కూడా తప్పుంది, మేము పోయి కొత్త కోడు ఇవ్వలేదు. ఇవ్వాలని మాకు చెప్పినవాళ్ళు కూడా లేరు.

ఇక మా ఇంటి సంగతి. ఇది రాయడానికి కొంచెం సిగ్గుగానే ఉంది, అయినా రాయాల.

పట్టుపురుగుల పని ఎవరు చేస్తారో మీకందరికీ తెలుసు. మగవాళ్ళం మల్బరి కోసుకొస్తాం, మార్కెట్టుకు పోతాం. షెడ్డులో పురుగును చూసేది ఆడవాళ్ళు. జ్వరం లేచే వేళ తెలిసేది వాళ్ళకే. నాలుగో జ్వరం లేచినాక రాత్రి రెండింటికి లేచి మేత వేసేది వాళ్ళే. పడకలో ఒక్క పురుగు పాలరోగంతో ఉబ్బితే మనకు రేపు కనిపిస్తుంది, వాళ్ళకు ఈరోజే కనిపిస్తుంది.

ఇదివరకు డబ్బు రొక్కంగా వచ్చేది. తువ్వాలులో కట్టుకుని ఇంటికి తెచ్చి, మా ఇంటామె ముందర విప్పి లెక్కపెట్టేవాళ్ళం. ఇది గుడ్లకు, ఇది కూలికి, ఇది బాకీకి, ఇది ఇంటికి అని ఇద్దరం కూర్చుని కుప్పలు పెట్టేవాళ్ళం. ఇప్పుడు భూమి ఎవరి పేరు మీద ఉంటే రిజిస్టరులో వాళ్ళ పేరు, వాళ్ళ ఖాతా, వాళ్ళ ఫోను. మెసేజి మా జేబులో మోగుతుంది. ఒక ఏడాది పాటు ఏ పంటకు ఎంత వచ్చిందో మేము ఆమెకు చెప్పనే లేదు. దాచాలని కాదు. విప్పడానికి తువ్వాలు లేదు, అంతే. ఒకరోజు ఆమే అడిగింది, "పోయిన పంట కిలో ఎంత పోయింది?" అని. మేము ఫోను తీసి వెతుకుతున్నాం. "నేను పెంచిన పురుగు ధర నేను అడిగి తెలుసుకోవాలనా?" అనింది. మాకు జవాబు లేదు.

మార్కెట్టులో తెరమీద అంకె అందరికీ కనిపించిందని సంతోషపడిన మేమే, మా ఇంట్లో ఆ అంకెను ఒకరి జేబులో పెట్టినాం. ఆ అంకె మొట్టమొదట తెలియాల్సింది పని చేసిన మనిషికి. ఈ సంగతి ఎవరూ కావాలని చేయలేదు. ఫారంలో ఒకే ఫోను నంబరుకు గడి ఉంది, ఒకటే నింపినాం. ఒక్క గడి వల్ల ఇంట్లో పద్ధతి మారిపోయింది.

ఇంకో మాట కూడా చెప్పుకోవాల. ఫోనులో ధర తెలిస్తే చాలు, రైతు గెలిచినట్టే అనేవాళ్ళు ఉన్నారు. కేరళ ఉత్తర తీరంలో 1997 నుంచి 2001 లోపల సెల్‌ఫోన్లు వచ్చినప్పుడు మత్తి చేపలు పట్టేవాళ్ళ మీద ఒక ఆర్థికశాస్త్రవేత్త చేసిన లెక్క పేరుపడింది. ఫోను లేనప్పుడు ఒక రేవులో చేప మిగిలి పారబోసేవాళ్ళు, పక్క రేవులో చేప దొరకక కొనేవాళ్ళు వాపసు పోయేవాళ్ళు. ఫోను వచ్చినాక పడవలోంచే అడిగి, ధర ఉన్న రేవుకు పడవ తిప్పినారు. పారబోత ఆగింది, పట్టేవానికి లాభం పెరిగింది, కొనేవానికి ధర కొంచెం తగ్గింది.

మనం వాళ్ళలాగా పడవ తిప్పగలమా? పురుగు గూడు కట్టిన పది పన్నెండు రోజులకు చిలక గూడు చీల్చుకుని బయటికి వస్తాది. చీలిన గూడుకు రీలింగు లేదు. అంతకుముందు కూడా రోజురోజుకూ బరువు తగ్గుతాది. కాబట్టి గూళ్ళు విడిపించినాక మనకు రెండు మూడు రోజులే. పావగడ నుంచి హిందూపురం దగ్గర, రామనగర నూటయాభై కిలోమీటర్ల పైమాటే. రామనగరలో కిలోకు ఇరవై రూపాయలు ఎక్కువని ఫోనులో కనిపించినా, అరవై కిలోలున్న రైతుకు అది 1,200 రూపాయలు. ఒక్కడికి బండి బాడుగ అంతకు మించి పోతుంది. పదిమంది కలిస్తే అదే ధర పనికొస్తుంది. అంటే ధర తెలియడం సగం పని. ఆ ధర దగ్గరకు గూళ్ళను చేర్చే బండి, ఒకే రోజు గూళ్ళు విడిపించేలా చాకీ తేదీలు కుదుర్చుకోవడం, ఇవి మిగతా సగం. యాప్ ధర చూపిస్తుంది. తేదీలు కుదుర్చుకోవాల్సింది మనం.

అందుకని సంఘం ముందర మూడు మాటలు పెడుతున్నాం.

మొదటి మాట. చాకీ వరస అందరికీ కనిపించాల. ఈ పంటకు ఎవరు ఏ రోజు ఎన్ని గుడ్లకు ఆర్డరు పెట్టినారు, ఎవరికి ఏ తేదీ ఇచ్చినారు, అందరి ఫోనులో అది ఒకేలా ఉండాల. ముందు అడిగినవానికి ముందు. కార్యదర్శికి తెలిసినవాళ్ళని, మేనమామ కొడుకని వరస తప్పకూడదు. తప్పాల్సి వస్తే, ఒకరి షెడ్డులో రోగం వచ్చి ఖాళీ పెట్టాల్సి వస్తే, ఎందుకు తప్పిందో అక్కడే రాయాల. ఇప్పుడు వరస కార్యదర్శి తలలో ఉంది. ఆయన మంచివాడే. అయినా మంచివాడి తలలో ఉన్న వరస కూడా మనకు కనిపించదు. యాప్ వచ్చినాక కూడా అది ఆయన ఒక్కడి ఫోనులోనే కనిపిస్తే, మనం డబ్బు పెట్టి ఆయన తలను ఫోనులోకి మార్చినట్టు, అంతే.

రెండో మాట. తప్పు జరిగితే ఫలానా మనిషి జవాబు చెబుతారని పేరు రాసిపెట్టాల. పేరు, ఎన్ని రోజుల్లో చెబుతారో ఆ గడువు. మా లెక్కలో ఏడు రోజులు చాలు. "యాప్‌లో అట్లా చూపిస్తా ఉంది" అనే జవాబు చెల్లదు. ఒక ఏడాది పాటు నోటుపుస్తకం మూయకూడదు, రెండూ నడవాల. పుస్తకానికీ యాప్‌కూ తేడా వస్తే అది సమావేశంలో చదవాల. ఏడాది తర్వాత తేడా లేకుంటే అప్పుడు మూద్దాం. ఫోను లేనివాళ్ళు, చదవలేనివాళ్ళు మనలో ఎనిమిది మంది ఉన్నారు. వాళ్ళ తరఫున ఎవరు ఎక్కిస్తారో వాళ్ళే చెప్పాల, మనం నిర్ణయించకూడదు.

మూడో మాట. ఇంటికి రెండు నంబర్లు. భూమి ఎవరి పేరు మీద ఉన్నా సరే, షెడ్డులో పని చేసేవాళ్ళ నంబరు కూడా ఎక్కాల. ధర మెసేజి ఇద్దరికీ పోవాల. యాప్ చేసిన పిల్లవాడిని అడిగినాం, "ఇంకో గడి పెట్టొచ్చా?" అని. "అరగంట పని సార్, ఎవరూ అడగలేదు" అన్నాడు. ఎవరూ అడగలేదు అనే మాట మాకు బాగా తగిలింది. రేపు బ్యాంకు ఖాతాలోనూ ఇద్దరి పేర్లు చేర్చుకోవడం మన ఇంటి పని, దానికి ఏ యాప్ అక్కర్లేదు. మేము పోయిన నెలలో మార్పించుకున్నాం.

కొందరు తమ్ముళ్ళు అంటారు, "అన్నా, మీరు ఇట్లా షరతులు పెడితే పని ఎప్పటికీ మొదలుకాదు" అని. మేము ఫోనుకు శత్రువులం కాదు. పోయిన ఎండాకాలం రాత్రి పదింటికి మా పడకలో పురుగులు మెత్తబడి ఉంటే ఫోటో తీసి గ్రూపులో పెట్టినాం. పదిహేను నిమిషాల్లో జవాబు వచ్చింది, చెడినవి ఏరి సున్నం చల్లి, పడక పలచగా పరిచి, గాలి ఆడేలా చేసినాం. ఆ పంట సగమైనా దక్కింది. ఆ మేలు మేము మరిచిపోలేదు. అయితే ఆ ఫోటో చూసి జవాబు చెప్పినవారు ఒక మనిషి. ఆయన పేరు మాకు తెలుసు, మళ్ళీ అడగగలం. అందుకే అది పని చేసింది.

వచ్చే నెల సమావేశం గుడి కట్ట దగ్గరే, సాయంత్రం మేత వేసినాక. ఈసారి షెడ్డులో పని చేసేవాళ్ళను కూడా పిలుచుకుని రండి. యాప్ ఒప్పుకుందామా అని చేతులెత్తే ముందు ఈ మూడు మాటలు చదివిపిద్దాం. మీకు నాలుగో మాట తోస్తే ఈలోపే గ్రూపులో రాయండి. రాయడం రానివాళ్ళు మాట రికార్డు చేసి పెట్టండి, మేము రాసి పెడతాం.

ఇట్లు,
వెంకటమ్మనహళ్లి పట్టు రైతు